తిత్లీ రాత్రి, డాబా మీద ఎనిమిదిమంది: ఒక హత్యా నాటకం కేస్ స్టడీ

ఒకరికొకరు తెలియని మనుషులు, బయటికి దారి లేని చోటు, మధ్యలో ఒక శవం. హత్యా మిస్టరీల్లో ఇంతకంటే పాత అమరిక లేదు. మంచులో కూరుకుపోయిన బంగళా, సముద్రం మధ్య దీవి, దారిలో ఆగిపోయిన రైలు అని చోటు మారుతుందే కానీ లెక్క ఒకటే. హంతకుడు బయటినుంచి రాలేదు, ఇక్కడే మనతో కూర్చుని టీ తాగుతున్నాడు. ఈ భయాన్ని శ్రీకాకుళం ప్రేక్షకుల ముందు నాటకంగా నిలబెట్టడానికి మేం చేసిన పని వివరాలు ఇవి. రాసిందీ దర్శకత్వం చేసిందీ నేనే. ఇలాంటి కథ ఎత్తుకోవాలనుకునే నాటక సమాజాలకి పనికొస్తుందని కథను దాచకుండా, హంతకుడెవరో కూడా చెప్పేస్తూ రాస్తున్నాను.

అసలు చిక్కు మంచు లేకపోవడం కాదు, ‘అపరిచితులు’ అన్న మాట దగ్గరే ఉంది. మన జిల్లాలో ఇద్దరు మనుషుల్ని పావుగంట ఒక గదిలో కూర్చోబెడితే ఇక వాళ్లు అపరిచితులుగా మిగలరు.

“ఏ ఊరు బావూ?”

“మందస దగ్గర.”

“మందస దగ్గరంటే?”

“హరిపురం.”

“హరిపురంలో ఎవుల తాలూకు?”

ఇంకో రెండు ప్రశ్నలకి ఎవరో ఒకరి మేనకోడల్ని ఎవరో ఒకరి తోడల్లుడి కొడుక్కి ఇచ్చిన సంగతి బయటపడుతుంది. అప్పటిదాకా ‘మీరు’ అన్నవాడు ‘అల్లుడూ’ అంటాడు. బస్సులో, ఆసుపత్రి వరండాలో, పెళ్లి పందిట్లో ఇది రోజూ జరిగేదే. అనుమానం పెరగాలంటే మనుషుల మధ్య ఖాళీ ఉండాలి, మన మాట తీరేమో ఆ ఖాళీని పూడ్చేస్తూ పోతుంది. ఈ కథలు మన దగ్గర ఆడినప్పుడు కృత్రిమంగా అనిపించడానికి కారణం ఇదేనని నా నమ్మకం. పాత్రలు గంటసేపు మాట్లాడుకుంటాయి, ఒక్కరూ ఊరు అడగరు. ప్రేక్షకుడు దాన్ని వేలు పెట్టి చూపించలేకపోవచ్చు. కానీ వీళ్లు మనవాళ్లు కారన్న సంగతి వాడి ఒంటికి తెలిసిపోతుంది.

అందుకని ఆ ప్రశ్ననే నాటకానికి ఇరుసు చేశాను. డాబా మీద చేరినవాళ్లందరినీ ‘ఎవరి తాలూకు’ అని అడుగుతారు. ఒక్కో జవాబుతో ఒక్కో దారం దొరుకుతుంది. ఒక్క మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఎందుకు అడగరన్నదే కథ.

చోటు, రోజు

2018 అక్టోబరు 10 రాత్రి. పలాస నుంచి మందస వెళ్లే దారిలో రోడ్డు పక్కన ఒక చిన్న జీడి కార్ఖానా. పిక్కలు కాల్చే షెడ్డు మీద సిమెంటు రేకులు. వెనక గోడౌను ఒక్కదానికే స్లాబు. దాని మీద ఒక గది, ఆ గదికి తూర్పున తలుపు, పడమటి గోడకి కిటికీ. బయటినుంచి సిమెంటు మెట్లు, మెట్లకి రెయిలింగ్ లేదు. తుపాను వస్తోందంటే మన ఊళ్లలో అందరూ చేరేది స్లాబు ఇంటికే కాబట్టి అక్కడికి ఎవరు వచ్చినా ‘ఎందుకొచ్చావు’ అని అడిగేవాళ్లుండరు. ఎనిమిదిమందిని ఒకచోట చేర్చడానికి నేను వేరే సాకు వెతుక్కోనక్కర్లేకపోయింది.

కార్ఖానా వాచ్‌మన్, అతను ముసలాయన. పిక్కలు వలిచే తల్లి, డిగ్రీ చదివే ఆమె కూతురు. డ్యూటీ నుంచి తిరిగొస్తూ చిక్కుకుపోయిన ఏఎన్‌ఎం, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సు. హైవే మీద బండి ఆపేసి వచ్చిన లారీ డ్రైవరు, ఇచ్ఛాపురం అవతల మనిషి, తెలుగులో ఒడియా కలిసి వస్తుంది. ఫైనాన్స్ కంపెనీకి వాయిదాలు వసూలు చేసే కుర్రాడు. రిటైరైన మాస్టారు. ఎనిమిదోవాడు విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటు. చచ్చిపోయేది అతనే.

ఏజెంటుని ఎంచుకోవడానికి వెతుకులాట అవసరం పడలేదు. మన జిల్లా నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, కూలీలు గల్ఫుకీ ఇతర దేశాలకీ వెళ్తూనే ఉంటారు. 1983 వలస చట్టం ప్రకారం పరాయి దేశంలో పనికి మనుషుల్ని పంపేవాడికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊళ్లో తిరిగే చిన్న ఏజెంట్లలో చాలామందికి ఉండదు. పని వీసా అని డబ్బు తీసుకుని విజిట్ వీసా చేతిలో పెడతారు. గడువు దాటాక అక్కడ ఆ కుర్రాడు దొంగలా దాక్కోవాలి. ఈ మోసంలో నష్టపోయిన ఇల్లు ప్రతి మండలంలోనూ దొరుకుతుంది. కాబట్టి ఏజెంటు చచ్చిపోతే గదిలో ఎవరికైనా కారణం ఉండొచ్చు. ఒక్కొక్కరికీ విడివిడిగా పగ కల్పించే శ్రమ తప్పింది.

రోజు విషయంలో మాత్రం చాలా పట్టుదలగా ఉన్నాను. ‘ఒకానొక తుపాను రాత్రి’ అని వదిలేయమన్నారు. వదల్లేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు 165 దాకా. అంతకుముందు రోజే దసరా నవరాత్రులు మొదలయ్యాయి, అంటే అమావాస్య దాటి ఎంతో సేపు కాలేదు. ఆకాశంలో చంద్రుడు లేడు. తుపాను మధ్యలో గాలి ఆగినప్పుడు స్టేజీ మీద వెన్నెల వేద్దామని లైటింగ్ చూసే కుర్రాడు ముచ్చటపడ్డాడు, అందంగానే ఉండేది. ఆ రాత్రి కళ్లారా చూసినవాళ్లు ముందు వరసల్లో కూర్చుంటారు. ఒక్క అబద్ధపు వెన్నెలకి వాళ్లు మిగతాదంతా నమ్మడం మానేస్తారు. చంద్రుడికి బదులు తూర్పున బూడిదరంగు వెలుగు, అదీ చివర్లో మాత్రమే వేశాం. ఆ టైముకి మన దగ్గర మసక తెలవారడం మొదలవుతుంది.

దారులు మూసుకోవడం

సినిమాల్లో ఒక్క మెరుపుతో కరెంటు, ఫోను, రోడ్డు అన్నీ పోతాయి. ఉద్దానంలో, అంటే పలాస, మందస చుట్టూ ఉన్న ఈ తోటల నేలలో, అలా పోవు. గాలి పెరగగానే ముందుజాగ్రత్తగా కరెంటు తీసేస్తారు. సెల్ టవర్ కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. గీతలు నాలుగు నుంచి ఒకటికి వస్తాయి, మాట ముక్కలవుతుంది, చివరికి ఆగిపోతుంది. చెట్టు పడితే రోడ్డు పోతుంది, ఇంకో చెట్టు పడితే తిరిగి వెళ్లే దారీ పోతుంది. ఇలా ఒక్కోటీ తెగుతుంటే ప్రతిసారీ గదిలో మనుషుల మధ్య బలం మారుతుంది. సిగ్నల్ ఉన్నంతసేపు ఏజెంటు పెద్దమనిషి, ఎస్సైతో మాట్లాడతా, తహసీల్దారుతో మాట్లాడతా అంటుంటాడు. ఫోను చచ్చిపోగానే అతని గొంతు మారుతుంది. అప్పటిదాకా మూలన కూర్చున్న పిక్కల తల్లి మాటకి బరువొస్తుంది, ఎందుకంటే గాలి సంగతి తెలిసింది ఆమెకి. పాత్రల్ని పరిచయం చేయడానికి నేను వేరే సీన్లు రాయలేదు. తెగుతున్న దారాలే ఆ పని చేశాయి.

వాచ్‌మన్‌ది ఒక మాట ఉంది. చీకట్లో కూర్చుని, బయట పడుతున్న కొబ్బరిచెట్లను చప్పుడుతో గుర్తుపడుతుంటాడు. ఇది ఫలానా వాళ్ల దొడ్లోది, ఇది మా అప్ప పెళ్లినాడు వేసింది, ఇది గట్టు మీదది అంటూ. థ్రిల్లర్‌లో అంత నిడివి పనికిరాదని, టెన్షన్ జారిపోతుందని మా బృందంలోనే గట్టిగా వాదించారు. నేను ఒక్క వాక్యం కూడా తీయలేదు. కొడుకు అన్నం పెట్టకపోయినా కొబ్బరిచెట్టు పెడుతుందని నమ్మే నేల అది. నాటిన మొక్క కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ రాత్రి ఉద్దానంలో కూలింది కొబ్బరి, జీడి తోటలే కాదు, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ కూడా. ఒక కల్పిత హత్య కోసం ఆ నిజమైన నష్టాన్ని బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లా వాడుకునే హక్కు నాకు లేదనిపించింది. పైగా ఆ మాట నడుస్తున్నంతసేపూ హాల్లో మనిషి కదలలేదు. తర్వాత జరగబోయే హత్యకి కావలసిన నిశ్శబ్దం అక్కడే తయారైంది.

క్లూలు

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఇక్కడ. మిస్టరీలో ప్రేక్షకుడికి తెలియనిది హంతకుణ్ణి కనిపెట్టేవాడికి తెలిసి ఉండకూడదని నా పట్టు. చివర్లో ఒక ఉత్తరం దొరకడం, ఎక్కడినుంచో కవల తమ్ముడు దిగడం, చూసేవాడికి చేసే ద్రోహం. క్లూలన్నీ కళ్లముందే ఉండాలి. అవీ మన నేల మీద మొలిచినవై ఉండాలి.

తుపాను గాలి మన అర్ధగోళంలో అపసవ్యంగా, గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తిత్లీ సముద్రం మీద నుంచి వాయవ్యంగా వచ్చింది. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి లేని చోటు, నేరుగా నెత్తి మీదుగా పోయే చోట మొదట గాలీ వానా ఈశాన్యం నుంచి కొడతాయి. కన్ను వచ్చినప్పుడు గాలి ఆగిపోతుంది, వాన కూడా తెరిపిస్తుంది. కాసేపటికి గాలి తిరిగి, ఈసారి నైరుతి నుంచి విరుచుకుపడుతుంది. మొదటి విడతలో పడ్డ చెట్టు తల నైరుతికి ఉంటుంది, రెండో విడతలో పడ్డది ఈశాన్యానికి. తీరంలో పుట్టినవాడికి ఇది పుస్తకంలో చదివే విషయం కాదు. ‘గాలి ఆగిందని బయటికి పోకు, తిరిగొస్తాది’ అని పిల్లలకి చెప్పే జాగ్రత్త.

హత్య జరిగేది ఆ విరామంలోనే. సిగ్నల్ దొరుకుతుందేమోనని ఏజెంటు మెట్లు దిగబోతాడు. ఆ కాసేపట్లోనే మిగతావాళ్లు కూడా తలా ఒక పక్కకి కదులుతారు. డ్రైవరు బండి వైపు, కుర్రాడు షెడ్డు వైపు, తల్లీకూతుళ్లు నీళ్ల బిందె కోసం. గాలి తిరిగేటప్పటికి ఏజెంటు మెట్ల కింద వెల్లకిలా పడి ఉంటాడు. వెంటనే పైకి మోసుకొస్తారు.

ఏఎన్‌ఎం నాడి చూస్తుంది, ఊపిరి చూస్తుంది, టార్చి వేసి కంటిపాప చూస్తుంది. అంతే. ఎన్ని గంటలకి పోయాడో ఆమె చెప్పదు, చెప్పకూడదు కూడా. అది పోస్టుమార్టం చేసే డాక్టరు పని. శవంగా పడుకునే నటుడు కర్రలా బిగుసుకుంటానన్నాడు. వద్దన్నాను. ప్రాణం పోగానే ఒళ్లు ముందు వదులైపోతుంది, బిగుసుకోవడం తర్వాత కొన్ని గంటల్లో దవడ, మెడ దగ్గర మొదలై పాకుతుంది. మెట్ల మీద నలుగురు మోస్తుంటే చెయ్యి జారి వేలాడాలి, తల వెనక్కి వాలాలి. ఆ వేలాడే చెయ్యి చూసి మొదటి ప్రదర్శనలో కొందరు మొహం తిప్పుకున్నారు.

అప్పుడు మాస్టారు మాట్లాడతారు. “గాలి జోరుగా ఉన్నప్పుడే దిగాడమ్మా. పడమటి కిటికీలోంచి జల్లు లోపలికొస్తోందని మూయడానికి లేచాను, అప్పుడు చూశాను. ఆ వానలో మెట్ల మీద జారి ఉంటాడు.” పెద్దాయన, నెమ్మదిగా, బాధగా చెప్తారు. అందరూ ఊఁ కొడతారు.

టార్చి మిణుకుతుంటుంది. లాంతరు వెలిగించాలి. వాచ్‌మన్ అగ్గిపెట్టె నానిపోయింది, గీస్తే మందు రాలిపోతుంది. ఏఎన్‌ఎం చనిపోయినవాడి చొక్కా జేబు తడిమి అగ్గిపెట్టె తీస్తుంది. ఒక్క గీతకి పుల్ల అంటుకుంటుంది. లాంతరు వెలుగులో ఆమె ఏడుపు మొహం కనిపిస్తుంది, మనం ఆ మొహమే చూస్తాం. కానీ క్లూ ఆ పుల్లలో ఉంది. వానలో దిగి, వానలో పడి, వానలో నానినవాడి జేబులో అగ్గిపెట్టె పొడిగా ఎలా ఉంది? వెల్లకిలా పడ్డాడు కాబట్టి వీపంతా తడిసింది, నేల తడి. జేబు పైకి ఉంది, పైనుంచి చినుకు లేదు. అంటే అతను దిగింది విరామంలో.

రెండోది కిటికీ. కన్ను రాకముందు జల్లు ఈశాన్యం నుంచి. పడమటి కిటికీ గాలి మాటున ఉంటుంది. దాన్ని జల్లు కోసం మూయాల్సిన అవసరం అప్పుడు రాదు, గాలి తిరిగాకే వస్తుంది.

నాటకం పూర్తిగా తయారయ్యేముందు చదివి వినిపించే సభలు పెట్టి, ఆఖరి సీనుకి ముందు ఆపి, హంతకుడెవరో చీటీ మీద రాయమనేవాళ్లం. శ్రీకాకుళం పట్టణంలో ఎక్కువమంది ఫైనాన్స్ కుర్రాడి పేరు రాశారు. డబ్బు మనిషి కదా, అనుమానం అటు పోవడం సహజం. తీరం ఊళ్లలో మాత్రం చాలామంది కిటికీ మాట దగ్గరే తల పైకెత్తారు. వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఇది నాకు గొప్ప సంతోషాన్నిచ్చింది. సాధారణంగా ఈ కథల్లో తెలివి ఎక్కడో నగరం నుంచి వచ్చిన డిటెక్టివ్ దగ్గర ఉంటుంది. ఇక్కడ గాలి ఎటునుంచి వచ్చిందో తెలిసిన మనిషి దగ్గర ఉంది. కనిపెట్టేది కూడా పిక్కల తల్లే.

అడగని ప్రశ్న

మూడో క్లూ వస్తువు కాదు, మాటలు. మొదటినుంచీ అందరి ఊళ్లూ అడిగేది మాస్టారే. ‘నీది ఏ ఊరు నాయనా, మీ నాన్న పేరేమిటి’ అంటూ ఒక్కొక్కరి దారం పట్టి కలిపేది ఆయనే. డ్రైవరుకి కూడా, సరిహద్దు దాటి, ఒక చుట్టరికం కనిపెట్టి నవ్విస్తారు. ఆ గదిని ఒక కుటుంబంగా మార్చింది ఆయన. ఆయన్ని మాత్రం ఎవరూ అడగరు. తెల్ల పంచె, కళ్లజోడు, మాస్టారు అన్న పిలుపు చాలు. చదువు చెప్పినవాడిని ఊరు అడిగి గుచ్చడం మనకి అలవాటు లేదు. గౌరవం ఇచ్చిన తెర వెనక ఆయన రాత్రంతా కూర్చున్నాడు.

ఆ పాత్ర వేసిన నటుడికి నేను ఇచ్చిన సూచన ఒక్కటే. దాస్తున్నట్టు నటించొద్దు, నిజంగా వాళ్లందరి మీదా ప్రేమతో అడగండి. ఆయన మంచివాడు. ఏజెంటు ఆ గదిలోకి వస్తాడని ఆయనకి ముందు తెలియదు, పథకం లేదు. కొడుకుని పంపినవాడు కళ్లెదుట కూర్చుని, తనని గుర్తుపట్టకుండా, ఇంకో కుర్రాడికి వెల్డర్ ఉద్యోగం ఆశ చూపిస్తుంటే రాత్రంతా విన్నాడు. గాలి ఆగింది. మెట్లకి రెయిలింగ్ లేదు.

ఆఖరి సీనులో హీరో అందరినీ వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వడం, హంతకుడు గట్టిగా ఒప్పేసుకోవడం నాకు ఇష్టం లేదు. చట్టం వైపు నుంచి చూసినా అలాంటి ఒప్పుకోలు ఒక్కటే కోర్టులో బలంగా నిలబడదు, దానికి వేరే ఆధారం తోడు కావాలి. డ్రైవరు ఆయన్ని తాడుతో కట్టేద్దామంటాడు. ఏఎన్‌ఎం వద్దంటుంది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 43వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు పట్టుకోగలిగేది తన కళ్లముందు పెద్ద నేరం చేసినవాడిని, లేదంటే కోర్టు పరారీలో ఉన్నాడని ప్రకటించినవాడిని. తోసింది ఎవరూ చూడలేదు. సెక్షన్ నంబరు ఆమె నోట పెట్టలేదు. “మనం సూడలేదు బావూ. సూడనిదానికి తాడు కట్టకూడదు” అంటుంది. అగ్గిపెట్టె ఎక్కడిది అక్కడ పెట్టించి, మెట్ల దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వదు. దారి తెరుచుకున్నాక పోలీసులొచ్చి 174వ సెక్షన్ కింద శవ పంచనామా చేస్తారు, మిగతాది వాళ్ల పని. కథని 2024 జులై 1 తర్వాతి కాలానికి మార్చి ఆడేవాళ్లు గుర్తుంచుకోవాలి. అప్పటినుంచి పంచనామా, పాత ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్, హత్యకి శిక్ష, పాత పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103.

హంతకుడు దొరికేది ఆ చదువుకునే అమ్మాయి నోటినుంచి వచ్చే ప్రశ్నతో. తల్లి కిటికీ సంగతి చెప్పాక గదిలో ఎవరూ మాట్లాడరు. మాస్టారిని అడగడానికి పెద్దవాళ్లెవరికీ నోరు రాదు. ఆ పిల్ల అడుగుతుంది, చేతులు కట్టుకుని, క్లాసులో నిలబడ్డట్టే.

“మాస్టారూ... మీరు ఎవుల తాలూకు?”

ఆయన తన ఊరి పేరు చెప్తారు. తర్వాత కొడుకు పేరు చెప్తారు. ఆ పేరు రాత్రి మొదటి భాగంలో ఏజెంటే ఒకసారి గొప్పగా చెప్పుకున్న పేర్లలో ఉంది. తెర.

ఆయనకి శిక్ష పడాలా అని ప్రదర్శన తర్వాత ప్రతిచోటా వాదన వచ్చింది. కొందరు ఏజెంటుకి తగిన శాస్తి అన్నారు. నా వరకు హత్య హత్యే. ఏజెంటుకీ ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్లున్నారని చూపించే ఫోన్ కాల్ ఒకటి మొదట్లోనే పెట్టాను, దాన్ని తీయమన్నా తీయను. అలా అని మాస్టారి మీద కోపం తెచ్చుకోలేకపోవడం కూడా నిజం. ప్రేక్షకులు ఆ రెండింటి మధ్య ఇరుక్కోవాలనే నేను కోరుకున్నది.

శబ్దం గురించి కొంచెం. రికార్డు చేసిన తుపాను హోరు వాడలేదు. వేలాడదీసిన పల్చని రేకు ఊపడం, చేటలో జీడిపిక్కలు దొర్లించడం, గోనెసంచిని బల్ల మీద ఈడ్చడం, అన్నీ తెర వెనక చేతులతోనే చేశాం. చేతితో చేసే చప్పుడు నటుడి ఊపిరిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. విరామంలో ఆ చప్పుళ్లన్నీ ఒక్కసారిగా ఆపేస్తాం. తుపాను మొదటి విడత వాళ్లని ఇంతగా భయపెట్టలేదని, ఆ ఆగిపోవడమే గుండెల్లో గుబులు పుట్టించిందని ఉద్దానం ప్రేక్షకులు చెప్పారు.

విజయనగరం మిత్రులు ఈ నాటకాన్ని హుద్‌హుద్ తుపానుకి మార్చి, పూసపాటిరేగ, భోగాపురం తీరంలో జరిగినట్టు ఆడతామంటున్నారు. ఆడొచ్చు, కానీ ఊరి పేర్లు మార్చినంత మాత్రాన సరిపోదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న మిట్ట మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటింది. భోగాపురం దానికి ఉత్తరంగా, తుపాను దారికి కుడిపక్కన ఉంది. అక్కడ కన్ను నెత్తి మీదికి రాదు, విరామం ఉండదు. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, తూర్పు నుంచి ఆగ్నేయానికి నెమ్మదిగా తిరుగుతుందే తప్ప ఆగదు. కాబట్టి పొడి అగ్గిపెట్టె పనికిరాదు, లాంతరు అవసరం రాదు, పట్టపగలు మెట్ల దగ్గర ఏం జరిగినా కనిపిస్తుంది. పడమటి కిటికీ అబద్ధం మాత్రం క్లూగా నిలుస్తుంది. హత్యని గది లోపలికి తీసుకురావాలి, దానికి కొత్త క్లూ కావాలి. ఆ తీరంలో తుపాను చూసిన పెద్దవాళ్లతో కూర్చుని, ఏ గంటకి గాలి ఎటునుంచి వచ్చిందో, ఏ పక్క చెట్లు ఎటు పడ్డాయో ముందు రాసుకుని రమ్మన్నాను. అది వచ్చాక స్క్రిప్ట్ మొదలుపెడతాం.